పాసంగం

గ్రిమ్స్‌బీలో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి
మెథడిస్టుల హాలు మాకు అద్దెకిస్తారు.
హీటరు పది నిమిషాలు దగ్గితే గానీ వెచ్చబడదు.
పదకొండుమంది పిల్లలు కోట్లు విప్పకుండానే
దోనె బొమ్మకి రంగులేస్తున్నారు.
నీలం అరిగిపోతే ఒకడు మట్టిరంగు అందుకున్నాడు.
హంబర్ ఒడ్డున పుట్టినవాడు,
వాడికి నీళ్ల రంగు అదే.

కెజియా తలెత్తి అడిగింది:
"ఆంటీ, దేవుడు కునకడు, నిద్రపోడు అని
పోయిన వారమేగా కంఠతా పట్టించారు.
మరి ఈ వారం దోనెలో పడుకున్నాడేం?"

నవ్వొచ్చింది. నవ్వు వెనకే భయం.
పాస్టర్ ఆశీర్వాదం గారు నేర్పిన జవాబు అప్పజెప్పాను:
నూటికి నూరుపాళ్లు దేవుడు,
నూటికి నూరుపాళ్లు మనిషి.
"అది రెండు వందలు కదా" అంది ఎనిమిదేళ్ల పిల్ల.
ఇంతలో బిస్కెట్ల పళ్లెం వచ్చింది.
ఆ పూటకి నన్ను రక్షించింది బిస్కెట్లే.

సోమవారం రాత్రి షిఫ్టు.
బెల్టు మీద హాడాక్ ముక్కలు వస్తూనే ఉంటాయి.
ట్రేకి నాలుగు వందల గ్రాములు.
ముందు ఖాళీ ట్రే పెట్టి మీట నొక్కితే
దాని బరువు సున్నా అయిపోతుంది.
"ట్రేకి ఎవరూ డబ్బివ్వరు" అని
డోరీన్ మొదటిరోజే చెప్పింది.
ఏడేళ్లుగా నొక్కుతున్నాను.
ఆ రాత్రి మీట మీద వేలు ఆగింది.

ఆయన ఒంటినీ ఇలాగే సున్నా చేస్తున్నానా నేను?
ఆ ఆకలిని, అరికాళ్ల దుమ్ముని,
ఎండకి పగిలిన పెదవిని
పాత్ర బరువు కిందే కొట్టేసి
మిగిలిందాన్ని దేవుడంటున్నానా?

మా అమ్మ ఎండుచేపలు తూచిన తక్కెడకి
ఒక పళ్లెం ఎప్పుడూ పైకి లేచేది.
గులకరాయి గుడ్డలో చుట్టి దానికి వేలాడగట్టేది.
పాసంగం.
ముల్లు నడిమికి వచ్చేది, బేరం మొదలయ్యేది.

నేనూ అదే పని చేస్తూ వచ్చాను.
స్నేహితుడి సమాధి దగ్గర ఆయన ఏడిస్తే
మరీ మనిషైపోతున్నాడని
ఇటు ఒక అద్భుతం కట్టేదాన్ని.
నీళ్ల మీద నడిచి మరీ దూరమైతే
అటు ఒక దాహం.
రాయి మార్చి, రాయి మార్చి,
ముల్లునే చూస్తూ ఇన్నేళ్లు.
తక్కెడ నాది.
ఆయన ఏ పళ్లెంలోనూ లేడు.

మూడింటికి టీ విరామం.
పాలూ డికాషనూ అనుకున్నాను కాసేపు.
కాదు, కలిశాక పాలు పాలుగా ఉండవు.
నూనే నీళ్లూ? అవి కలవనే కలవవు.
నదీ సముద్రమా? తెల్లారితే కిటికీలోంచి
ఆ బురదే కనిపిస్తుంది, ఏది ఏదో తెలీకుండా.
పోలికలన్నీ నాలుగడుగులు మోసి
జారిపడే కూలీలు.
కప్పులో టీ చల్లారింది.

అప్పుడు ఆ గొంతు గుర్తొచ్చింది.

నిద్ర నటించలేదాయన.
పొద్దుటినుంచీ ఒడ్డున జనంతో మాట్లాడి మాట్లాడి
గొంతు బొంగురుపోయి
అమరంలో తలగడ మీద ఒరిగాడు.
నోటిమూల చొంగ కారిందేమో కూడా.
(ఇది పిల్లలకి చెప్పను. ఏమో, చెబుతానేమో.)
మునిగిపోతున్నాం, నీకు పట్టదా అని కుదిపారు.
లేచాడు, బుగ్గ మీద తలగడ కుట్లు అచ్చుపడి.
నిద్ర ఇంకా అడ్డం పడుతున్న ఆ గొంతుతోనే
ఊరుకోమన్నాడు సముద్రాన్ని.
ఇంకో గొంతు తెచ్చుకోలేదు.
సవరించుకోనూ లేదు.
అల పడిపోయింది.

వచ్చే ఆదివారం కెజియాకి లెక్క చెప్పను.
శనివారం షిఫ్టు దిగి
బస్సులో కిటికీకి ఆనుకుని కునికి వస్తాను కదా,
బుగ్గ మీద రబ్బరు గీత పడి ఉంటుంది.
"ముట్టుకో" అంటాను.
"ఇలాంటిదే, ఆయనకీ."

చేపవాసన చేతుల్తో
ఇంకో మట్టిరంగు క్రేయాన్ కూడా కొనుక్కెళ్లాలి.