మసక కాపీ

పర్లాకిమిడి బస్టాండు పక్క జెరాక్సు కొట్టు నాది.
మసకగా వచ్చిన కాగితాలు
కిలోల లెక్కన పకోడీల బండికి వేసేదాన్ని.

హవల్దారు దండాసి కార్డు రెండుసార్లు మసకేసింది.
మూడోది బాగొచ్చింది, పట్టుకెళ్ళేడు.

ఆయన మంచుకొండ మీద కాపలా ఉండగానే
ఆయన మొహం పెట్టుకొని ఎవడో
లేని స్కూటరు పదిమందికి అమ్మేడు.
పోలీసులొచ్చి ఆయన పెళ్ళాన్ని అడిగేరు.
వాడికి ఏ కాపీ దొరికిందో నాకు తెలీదు.
ఆ తెలీకపోవడమే నిద్ర పట్టనివ్వదు.

ఈసారి సెలవుకొచ్చి కొత్త కార్డు చూపించేడు.
నంబరు లేదు, పుట్టిన తేదీ లేదు,
గోరంత చిప్పు.
"దీన్ని నువ్వు తీయలేవులే, రాజులమ్మక్కా!"
నాకో గిరాకీ పోయింది. పోనీ.

మసక కాగితాలిప్పుడు పొయ్యిలో పెడతాను.
సంతకం ముందు కాలుతుంది,
మొహం ఆఖర్న.