రెండో లంగరు

గడిచిన శుక్రవారం జరిగింది
ఈ గురువారానికి కథైపోయింది.
దుకాణం మెట్లెక్కుతూ అర్బాబ్ దాన్ని నవ్వుతూ చెబుతున్నాడు.
ఉమ్ అల్ క్వైన్ పాత రేవు పక్కన
కొత్త తాళ్ల వాసన, గ్రీజు వాసన, వాటి మీద ఏసీ చలి.

ఆయన చెప్పని ముక్క నా దగ్గరుంది.
ఇంజిన్ ఆగింది. లంగరు వేయమన్నారు, వేశాను.
మోకు సరసరా జారింది, ఇంకా జారింది,
దాని చివరి కొస నా కళ్లముందే నీళ్లలోకి దూకేసింది.
ఎవరో చుట్టం, గాలి ట్యూబు కట్టుకోడానికి
అడుగున ఉన్న ముడి విప్పుకున్నాడట.
ఇక శమాల్ గాలి ఎటంటే అటే.
రేవుగోడ బండలకి పది గజాల ఇవతల
ఓ ఇసుక మేట మమ్మల్ని ఆపింది.
మేటకి జీతం లేదు.

"మంచిది చూపించు" అన్నాడు ఉమర్ భాయ్‌తో.
మాండ్వీ మనిషి ఉమర్ భాయ్. తాతలు ఓడలు చెక్కిన వేళ్లతో
కాలిక్యులేటర్ నొక్కుతాడు.
ముందు నాగలి లంగరు తెచ్చాడు, స్టీలుది, పదహారు కిలోలు.
అర్బాబ్ అందులో గడ్డం చూసుకున్నాడు.
తర్వాత నాలుగు కొక్కేలది, మడిస్తే గొడుగంత.
రాళ్లలో అయితే సరే, ఇసుకలో దువ్వెనలా జారిపోతుంది.
పుట్టగొడుగు లాంటిదీ ఒకటుంది.
దాన్ని ఉమర్ భాయే సిగ్గుపడి వెనక్కి తోశాడు.

పై అరలో దుమ్ములో ఉన్నదాన్ని నేను దించాను.
అల్యూమినియం. రెండు పలకలు, ఒక కాడ. మూడు కిలోలు.

"ఇది బొమ్మ" అన్నాడు అర్బాబ్.

మన కింద ఉన్నది ఇసుకే కదా అర్బాబ్, అన్నాను,
మడ చెట్ల దాకా ఇసుకే.
దీని ముందు రెండు బారల గొలుసు కట్టు, అడుగున పడుకుంటుంది.
నాలుగు బారల నీటికి ఇరవై ఎనిమిది బారల మోకు వదులు.
లంగరు పడుకుంటేనే పట్టు,
లేచి నిలబడిందా, జారినట్టే.
నా అరబ్బీ ఇంత బాగా ఎప్పుడూ నడవలేదు.

భావనపాడులో మా తాత
చిల్లు పొడిచిన రాయి ఒకటి దించి
పడవలో కాళ్లు చాపుకునేవాడు.
రెండో రాయి ఉండేదా అని నేనెప్పుడూ అడగలేదు.

ఇక మాటలు చాలక
జ్యూసు డబ్బాతో గుమ్మంలో నిలబడ్డ షమ్మాని పిలిచాను.
పన్నెండేళ్ల పిల్ల. ఇవి ఎత్తు, అన్నాను.
నాగలిని రెండు చేతులా పట్టి లాగింది. నేల వదల్లేదు.
బొమ్మని ఒంటిచేత్తో ఎత్తి
రెండో చేత్తో జ్యూసు తాగుతూనే ఉంది.

అర్బాబ్ నవ్వు అక్కడ ఆగింది.

ఆ శుక్రవారం, మోకు పోయాక,
నేను పంకాకి చుట్టుకున్న వల కోస్తూ నీళ్లలో ఉన్నాను.
ఆయన తల ఇంజిన్ మూత కింద ఉంది.
చుట్టాలు ఫోన్లు పైకెత్తి సిగ్నల్ వెతుకుతున్నారు.
బండలు దగ్గరవుతున్నాయని చూసింది ఈ పిల్ల ఒక్కతే.
విసరడానికి చేతిలో ఏమీ లేదు.

రెండూ కొన్నాడు.
మెరిసేది పడవ ముక్కుకి, ఫోటోలకి.
గీచి గీచి బేరమాడింది మాత్రం మోకు దగ్గర.
"ఇరవై చాలదా?" చాలదన్నాను.
ఉమర్ భాయ్ ఇరవై ఎనిమిదీ కొలిచి,
ఓ గుప్పెడు ఊరికే వదిలాడు.

చీకటి పడ్డాక, వెనక సీటు కింద ఉంగరానికి
కొస కట్టడం షమ్మాకి నేర్పాను.
మూడుసార్లు ఊడింది. నాలుగోసారి
తనే కాలు తన్ని పెట్టి లాగి చూసుకుంది.

శనివారం వెళ్లి చూస్తే
లంగరు మీద ఎవరో కబాబుల బొగ్గుల బస్తా పెట్టారు.
తీశాను.
పై వారం మళ్లీ పెడతారు.