నీళ్ళ వాసన

కర్నల్ లెమ్యుయెల్ ట్రాస్క్ పోయాడని
పట్నం పత్రికలో రెండు కాలమ్‌లు వేశారు.
ఒహాయోలో పుట్టుక, అశ్వదళంలో ఇరవై తొమ్మిదేళ్ళు,
ఒంటి మీద రెండు తూటాల మచ్చలు,
రొమ్ము మీద కంచు నక్షత్రం.
అంతా నిజమే.
గుర్రం పేరు మాత్రం వెయ్యలేదు.

జూనిపర్.
జేగురు రంగు ఆడగుర్రం,
భుజాన సర్కారు ముద్ర, కుడి వెనక డెక్క కాస్త వంకర.
ఆ డెక్కను ఒళ్ళో పెట్టుకుని
ఆరేళ్ళు నాడాలు కొట్టినవాణ్ణి నేను.

ఆ యేడు జూన్‌లో, అరిజోనాలో,
జీను మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేది.
రెండు రోజులుగా చుక్క నీళ్ళు లేవు.
నాలుకలు పిడచకట్టి, తిట్టుకోవడం కూడా మానేశాం.
మా ముందు నడిచేవాడు అపాచీ వేగు,
మెడలో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద అంకె.
ఇరవై ఏడు.
హాజరు పట్టీలోనూ అంతే, పిలుపులోనూ అంతే.
అసలు పేరు మా నాలుకలకు తిరగలేదు.
ట్రాస్క్ ఒక్కడే నేర్చుకున్నాడు,
నెగడు పక్కన కూర్చుని,
గొంతులో ముల్లు దిగినవాడిలా తప్పు పలికి, మళ్ళీ పలికి.

కార్డోవా రేవు అవతలి గట్టున తుపాకులు.
"చీకటి పడనివ్వండి" అన్నాడు ట్రాస్క్.
నేను విన్నాను. ఇరవై ఏడూ విన్నాడు.
అప్పుడు గాలి తిరిగింది.

జూనిపర్ ముక్కుపుటాలు విచ్చుకోవడం చూశాను.
కళ్ళెం తెగేలా లాగాడాయన,
అది మెడ కూడా తిప్పలేదు.
నీళ్ళలోకి దూకుతున్న గుర్రం మీద
మనిషికి ఇంకేం మిగులుతుంది?
కత్తి దూశాడు.
వెనకే నలభై గుర్రాలు.
దాహంతో పోయినవెన్నో, ధైర్యంతో పోయినవెన్నో
ఈనాటికీ విడదీసి చెప్పలేను.
గట్టు మాదైంది.
ముగ్గురు మాత్రం నీళ్ళలోనే ఉండిపోయారు.

బ్యూగిల్ ఊదే కుర్రాడు లిండ్, పదిహేడేళ్ళవాడు,
రేవు మధ్య రాయి పట్టుకుని అరుస్తున్నాడు.
వాడి కోసం ట్రాస్క్ వెనక్కి వెళ్ళాడు.
గుర్రం మీద కాదు. కాలినడకన,
తూటాలు నీళ్ళను గిల్లుతుండగా.
లిండ్ బతికాడు, తర్వాత డకోటాలో రొట్టెల కొట్టు పెట్టాడు.
పతకంతో వచ్చిన కాగితం మీద ఆ నడక లేదు.
గుర్రం దూకుడే ఉంది, ఆయన పేరుతో.

యుద్ధాలు అయిపోయాక
ఏజెన్సీలో గొడ్డుమాంసం తూకాలు చూశాడు,
కంచెలు లెక్కపెట్టాడు, మెల్లగా పై మెట్లెక్కాడు.
ఒక సెప్టెంబర్‌లో ఇరవై ఏణ్ణి కూడా
తను వేటాడిపెట్టిన వాళ్ళతో కలిపి
ఫ్లోరిడా రైలెక్కించారు.
ట్రాస్క్ పైవాళ్ళకు మూడు ఉత్తరాలు రాశాడు.
మూడింటిలోనూ ఆ పేరు పూర్తిగా రాశాడట.
జవాబు రాలేదు.

పోయిన చలికాలం నా కొలిమికి వచ్చాడు.
పొగాకు డబ్బా తెరిచాడు,
లోపల కంచు నక్షత్రం, దాన్ని ఆనుకుని ఇత్తడి బిళ్ళ.
"సూది విరిగింది, అతుకుతావా హెన్నెకే?"
అతికాను.
పావలా డాలర్ ఇచ్చాడు, నేను వద్దంటున్నా.
బిళ్ళను మాత్రం నా చేతికివ్వలేదు,
బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు,
అంకె అప్పటికే సగం అరిగింది.

వెళ్తూ వెళ్తూ గుర్రాల తొట్టి దగ్గర ఆగాడు.
పైన పేరుకున్న మంచుపొరను వేళ్ళతో పగలగొట్టి
దోసెడు నీళ్ళు తీసుకుని
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
చాలాసేపు.
మీసాల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"నాకేం రావడంలేదు" అన్నాడు.
"నీకేమైనా వస్తోందా?"