బొబ్బర

ఇరవై ఏడేళ్ళు
గుంటూరు కొత్తపేటలో, మార్కెట్ రొద వినపడే కిటికీ పక్కన
పుస్తకాలకి బారసాల చేశాను.
అయిదంగుళాల అట్టముక్క మీద
నల్ల సిరాతో అంకెలు, చుక్క, మళ్ళీ అంకెలు.
మిరపకి 633.
మిరపని తినే పురుగుకి 632.
పక్కపక్క గదులే.
సొరుగు లాగితే ఇత్తడి కడ్డీ కిర్రుమనేది,
ఆ చప్పుడుతోనే నాకు పొద్దు మొదలయ్యేది.

పోయిన ఎండాకాలం సొరుగులన్నీ తెరలోకి వెళ్ళిపోయాయి.
ఏసుపాదం స్కానర్ ముందు కూర్చుని
ఒక్కో పేజీకీ వెలుగు పట్టాడు,
జ్వరమొచ్చిన పిల్లాడి గొంతులోకి
డాక్టరు టార్చి వేసినట్టు.
తర్వాత పుస్తకం పుస్తకానికీ కింద ఒక ఖాళీ గడి పెట్టారు.
చదివినవాళ్ళు తమకి తోచిన మాట తగిలించుకోవచ్చట.
ట్యాగ్ అంటారట.
నాకైతే కొత్తగా సున్నం వేసిన గోడా,
బొగ్గుముక్క పట్టుకున్న పిల్లలూ గుర్తొచ్చారు.

అనుకున్నట్టే వచ్చాయి.
సూపర్. సూపరు. సుపర్.
వ్యాకరణానికి 'నిద్రమాత్ర'.
కథల సంపుటికి
'చిలకలూరిపేట బస్సులో సగం దాకా చదివా, మిగతా సగం ఎవరైనా చెప్పండి'.
వంటల పుస్తకానికి 'మా అత్తగారికి చూపించొద్దు'.
రోజూ పొద్దున్నే జల్లెడ పట్టి పారబోసేదాన్ని.
నవ్వొచ్చినవాటిని మాత్రం మధ్యాహ్నం దాకా ఉంచేదాన్ని.

ఆ రోజుల్లోనే నల్లపాడు నుంచి బాజీ వచ్చాడు.
చొక్కా నిండా యార్డు ఘాటు,
నాకు ఆగకుండా రెండు తుమ్ములు.
"చేనంతా బొబ్బరొచ్చిందమ్మా, పుస్తకమేమన్నా ఉందా?"
బొబ్బర అని కొట్టాను.
ఫలితాలు సున్నా.
"బొబ్బరంటే?"
అరచెయ్యి చాపి వేళ్ళు లోపలికి ముడిచాడు.
"ఆకు ఇట్టా అయిపోద్ది. చెట్టు గిడసబారిపోద్ది."

ఆ పుస్తకం నాకు తెలుసు.
కార్డు రాసింది నేనే, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు:
'సస్యరక్షణ. వైరస్ తెగుళ్ళు. మిరప. పత్రసంకోచం.'
ఒక్క అక్షరం తప్పు లేదు.
ఇన్నేళ్ళలో దాన్ని అడిగినవాడూ లేడు.
గది భద్రంగా కట్టి, తాళం వేసి,
తాళంచెవి సంస్కృతానికి ఇచ్చొచ్చాను.

బాజీ ఫ్యాను కింద కూర్చుని అంతా చదివాడు.
వెళ్ళేముందు ఖాళీ గడిలో
ఒంటివేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ
'బొబర' అని పెట్టాడు.
ఒక బకారం తక్కువ.

మర్నాడు జల్లెడ చేతిలోనే ఉంది.
దిద్దబోయి ఆగాను.
పక్కన రెండు బకారాలతో నేనొకటి పెట్టి
అతనిది అలాగే వదిలేశాను.
అలా రాసేవాళ్ళూ వస్తారు కదా.

వచ్చారు.
ప్రత్తిపాడు నుంచి ఒకరు, పెదనందిపాడు నుంచి ఇద్దరు.
బొబ్బర తలుపు తోసుకుని లోపలికొచ్చినవాడికి
పక్కనే తామరపురుగు కనపడింది,
దాని పక్కన తెల్లదోమ,
ఆ పక్కన వేపగింజల కషాయం.
ఆ వరస నాది.
అంత మాత్రం చెప్పుకోనివ్వండి.

సుపర్‌ని ఇప్పటికీ తీసేస్తూనే ఉన్నాను.

నిన్న రాత్రి తొమ్మిదికి, పేరు లేకుండా
నేనూ ఒక మాట తగిలించాను,
ఎవరూ అడగని ఒక పల్చటి పద్యాల పుస్తకానికి:
'ఇది వచ్చినరోజు వాన. అట్ట తుడిచింది కొంగుతో.'
దీనికోసం ఎవరు ఏమని వెతుకుతారో తెలీదు.
పొద్దున్న జల్లెడ పట్టిందీ నేనే.
ఇంకా తీయలేదు.