రెండు గంటలు కొడితే

తార్నాకల పుస్తకాల దుకాణం మీది మేడ.
నలభై కుర్చీలు, డెబ్బై మంది ఆడోళ్లు,
కిటికీ అంచుల మీద కూసున్నోళ్లు గాక.
బోర్డు మీద రంగు చాక్‌పీసుతోని రాసిండ్రు:
ఆడోళ్ల కవితల పోటీ. మూడు నిమిషాలు. కాయితం చూడొద్దు.
పదకొండో పేరు నాది,
మణెమ్మ, ఉప్పల్ డిపో.
బట్టలు మార్చుకునే టైం లేకుండె,
చీర మీద ఖాకీ కోటు, సంకల తోలుసంచి.

నా ముందు షగుఫ్తా చెప్పింది దక్నీల,
వాళ్ల అమ్మీ కుట్టుమిషను గురించి.
సూది విరిగిన కాడ ఆమె గొంతు గూడ విరిగింది.
జనం చప్పట్లు కొట్టలే. చిటికెలేసిండ్రు.
నేను బిత్తరపోయిన.
పద్దెనిమిదేండ్ల నౌకరీల
చిటికేసి పిలిచెటోళ్లనే చూసిన గని
చిటికేసి మెచ్చుకునెటోళ్లను చూడలే.

రూల్సు ఇంగ్లీషుల చెప్తుండంగనే
డిపో నుంచి ఫోను, రేపటి డ్యూటీ చార్టు.
సగం ఇన్న, సగం ఇనలే.

"స్టేజీ మీదికి రాండ్రి" అన్నరు.
స్టేజీ అంటే నాకు హబ్సిగూడ, మెట్టుగూడ,
టికెట్టు ధర మారే తావు.
ఇది గూడ గంతేనేమో అనుకుంట ఎక్కిన.
మైకు పక్కన నీళ్లసీసా పెట్టిండ్రు.
నా కవిత గూడ దాని గురించే.

"పొద్దుగాల నాలుగింటికి అర గిలాస చాయ.
ఆ ఎనుక నీళ్లు ముట్ట.
సంచిల సీసా ఉంటది, మూత తియ్య.
ఉప్పల్ నుంచి సికింద్రాబాదు దాక
మొగోనికి ఎన్ని గోడలో!
నాకు ఒక్క తలుపు లేదు.
అందరాడోళ్లకు కొట్టినట్టే
నా దాహానికి గూడ జీరో టికెట్టు కొడ్త,
కూసో తల్లీ, దిగేటప్పుడు చూద్దాం అని..."

టింగ్.
ఒక్క గంట.

మా బస్సుల ఒక్క గంటంటే ఆగు.
నాలిక దానంతటదే బ్రేకు తొక్కింది.
వాక్యం ఒక కాలు ఫుట్‌బోర్డు మీద,
ఒక కాలు రోడ్డు మీద ఉండంగ
ఆగిపోయిన.

అందరు నన్ను చూస్తున్నరు.
నేను గూడ చూస్తున్న, ఎవలన్న దిగుతరేమో అని.
ఫ్యాను తిరుగుతున్నది.
కింద దుకాణం షట్టరు ఎవలో సగం దించిండ్రు.
సీసా మీది చెమట ఒక బొట్టు జారింది.
ఎనుక నుంచి ఒక చిటికె. ఇంకోటి.
తర్వాత రేకుల మీద చినుకులు పడ్డట్టు.

అప్పుడు, టింగ్ టింగ్.
రెండంటే రైట్ రైట్.
బండి కదలాలె. కదిలించిన:

"పద్దెనిమిదేండ్లకు కిడ్నీల రాయి తేలింది.
నీళ్లు తాగవా అమ్మా, అన్నడు డాక్టరు.
తలుపేది సారూ, అన్న."

ఐదుగురు జడ్జీలు అట్టలు లేపిండ్రు.
ఎర్ర అద్దాల మేడం మైకు గుంజుకొని
"ఆ మౌనం! ఆ అర నిమిషం ఎండిన గొంతే.
ఎంత ధైర్యం కావాలె అట్ల ఆగాలంటే!" అన్నది.
తలూపిన. ఏం చెప్త?

టైం చూసే పిల్ల నవనీత వచ్చి చెవుల చెప్పింది:
"ఆంటీ, ఒక్క బెల్లంటే ఇంక అర నిమిషముందని.
రెండంటే అయిపోయిందని."
అయిపోయినంక మాట్లాడినందుకు
అర మార్కు కోసిండ్రంట.
"ఫర్వాలేదు బిడ్డా, టికెట్టు ఎనుక రాసియ్యి,
చిల్లరున్నప్పుడు తీసుకుంట" అన్న.
దానికి సమజ్ కాలే.

షగుఫ్తా గెలిచింది. గెలవాలె గూడ.
ఆ సూది ముక్క ఇంక నా ఏలిల్నే ఉన్నది.

అందరు ఫొటోలు దిగుతుంటే
బాత్రూం యాడుందని అడిగిన.
మెట్ల పక్కకు. తలుపున్నది.
గడియ గూడ పడ్తది, రెండుసార్లు ఏసి చూసిన.
మళ్లొచ్చి మైకు కాడి సీసా అందుకొని
నిలబడే ఎత్తి తాగిన,
సగం ఖాకీ మీద పడ్డది.

మెడల రిబ్బను అట్లనే ఏసుకొని
మూలకు నిలబడ్డ షగుఫ్తా
చిటికేసింది.