చైనుగార్డు మీది పేరు

ఆటోకు పోను ఇరవై, రాను ఇరవై.
కూలి మూడు నూర్ల యాభై.
నిండేదాకా ఆటో కదలదు,
ఖాజా హ్యాండిలు మీద తాళమేసుకుంట కూచుంటాడు,
ఆడ జిన్నింగు మిల్లు కాడ ఎనిమిది కొడతాది.
పది నిమిషాలు తప్పితే సగం దినం గల్లంతు.
ఈ లెక్క నాకెవరూ చెప్పలే,
గోడకు ఆనించిన సైకిలు చెప్పింది.

అది నా బిడ్డది. తొమ్మిదిలో బడోళ్లిచ్చినారు.
ముందర బుట్ట, వెనక క్యారేజీ, నడిమి కడ్డీ లేనిది.
చైనుగార్డు మీద తెల్లరంగుతో
తనే రాసుకునింది, ఉరుకుందమ్మ అని.
చోటు చాలక కడాకు 'మ్మ' కిందికి జారింది.
ఇప్పుడు బిడ్డ కర్నూల్లో నర్సు చదువు.
సైకిలు మీద కోళ్లు పండుకుంటుండె.

నలభై రెండేండ్లకు ఎవరు నేర్పుతారు?
మొదటి వారం తొక్కలే, తోసినా.
సద్ది బుట్టలో పెట్టి
పెయ్యను సంతకు తోలకపోయినట్టు
బైచిగేరి నుంచి ఆదోని దాకా దాని పక్కన నడిచినా.
ఎదురొచ్చినోడల్లా "గాలి పోయిందామ్మా?" అనేటోడు.
"ఊ, పోయింది" అంటి.
నిజం చెప్పేకంటే అదే సులువు.

రెండో వారం ఒక కాలు పెడలు మీద,
ఒక కాలితో నేలను తన్నుకుంట.
గుండ్లగుట్ట కాడ దిగుడుంది,
ఆ దిగుడే నాకు అయ్యవారు.
రెండో కాలు కూడా ఎత్తేసినా. అంతే.
జానెడు కొంగు చైను మింగింది,
మోచేతి తోలు దావ తీసుకునింది.
కంపలోంచి లేస్తాంటే చూసినోళ్లు లేరు,
గొర్రెలు మేపే పిల్లోడొకడు తప్ప.
వాడు నవ్వలే.
"వెనక బ్రేకు ముందు పట్టల్లవ్వా" అన్యాడు.
నన్ను అవ్వా అనిందొకటే కోపమొచ్చింది.

ఇప్పుడు నా దావకు కిలోమీటర్లు లేవు.
క్వారీ దాకా ఎదురుగాలి,
ఆడ్నుంచి పక్కగాలి, కొంగు నడుముకు బిగించల్ల.
తుమ్మముళ్లకు పత్తి కనపడితే ఆదోని దగ్గరైనట్టే.
ముందు పోయిన లారీలు రాల్చింది,
ఎవరి చేనిదో,
ఆర్నెల్ల కష్టం ముల్లు మీద ఊగుతాంటాది.
దిగి ఏరుకుందామనిపిస్తాది గానీ
ఎనిమిది ఆగదు గదా.

రైలు గేటు పడితే అందరం ఒకటే.
కారాయన అద్దం దించి గడియారం చూసుకుంటాడు.
ఖాజా ఆటోలోంచి హనుమక్క చెయ్యి ఊపుతాది,
మనుషుల నడుమ చెయ్యొకటే కనపడతాది.
నేను ఒక కాలు నేలకు ఆనించి
గూడ్సు పెట్టెలు లెక్కపెడతా. యాభై ఎనిమిది.
పొడుగు బండి వచ్చిన దినం
నా కాళ్లకు ఆదివారం.

మిల్లు కాడ వాచ్‌మన్ దస్తగిరి
చైనుగార్డు కూడబలుక్కోని చదివి
"ఏం ఉరుకుందమ్మా, ఈపొద్దు ముందే వస్తివే" అన్యాడు.
మొదటి దినం దిద్దల్లనుకున్యా.
దిద్దలే.
లోపల హాజరు బుక్కులో తిక్కమ్మ.
తిక్కమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకోని
పత్తి ఎత్తి మిషన్లో పోస్తాది, దగ్గుతాది,
మేస్త్రీ కేకేస్తే ఉలిక్కిపడతాది.
ఉరుకుందమ్మ బయట గోడ నీడన
స్టాండు మీద నిలబడి ఉంటాది, ఎవరికీ జవాబు చెప్పకుండా.
ఐదున్నరకు పోయి దాన్ని కలుసుకుంటా.

రాత్రి చైన్లో ఇరుక్కున్న పత్తి తీస్తా
పండ్లిరిగిన దువ్వెనతో.
గ్రీసు తాగిన పత్తి
కాకి ఈక మాదిరి నల్లగ వస్తాది.
మిగిలే నలభై ఏం చేస్తావని హనుమక్క అడిగింది.
వెనక టైరుకు కొంత పాయె,
దినం మార్చి దినం గుడ్డు.
తక్కింది చెప్పలే.

మొన్న ఆదివారం బిడ్డ ఫోను చేసింది.
"మా, ఆ పాత సైకిలు
ఇనుప సామానోళ్లకు వేసెయ్,
వాకిట్లో చోటన్నా మిగుల్తాది" అనింది.
అప్పుడే తుడిచి పెట్టింటి,
బెల్లు మీద దీపం చిన్నగ కనపడతాంది.
"ఎవరి సైకిలు మే?" అంటి.