పంపు కిందుండాలి

కంచరపాలెంలో మా గది
రైలొచ్చినప్పుడల్లా ఓసారి ఒళ్లు విరుచుకుంటుంది.
దాన్ని నేనేమీ చేయలేను.
బల్ల కింద, చెప్పుల పెట్టె పాటి కంప్యూటర్ని మాత్రం
ఏదో ఒకటి చేయాలనుకున్నాను.

జీవశాస్త్రం, రక్తప్రసరణ పాఠం.
చూపులేని పిల్లల కోసం చదివి రికార్డు చేస్తాను.
నేను 'స' పలికిన ప్రతిచోటా
దాని ఫ్యాను వెనకాలే 'స్స్' అంటుంది,
నాకంటే ముందే పాఠం వచ్చేసినట్టు.

డాబాగార్డెన్స్ షాపులో గేదెల హరినాథ్
మూడు అట్టపెట్టెలు ముందు పెట్టాడు.
మొదటిదాని రేడియేటరంత పొడవు
మా కంప్యూటరే లేదు.
రెండోదాన్నిండా రంగు లైట్లు, పెళ్లి పందిరి.
మూడోది ఒక్క ఫ్యానుది, చిన్నది, నల్లగా
తీసుకోమని బతిమాలుతున్నట్టుంది.
"చిన్నదైతే మేడమ్, ఫ్యాను గట్టిగా తిరగాల.
చల్లదనం ఊరికే రాదు,
ఎక్కడో చోట చప్పుడు అడుగుతాది."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను.
రెండు ఫ్యాన్ల సన్నది పడుతుంది,
పాత హార్డ్ డిస్కు బయటికి పోతే.
ఒంటిగది కాపురం చేసినదాన్ని,
ఏది లోపల ఏది గుమ్మం బయట
అన్న తగువు నాకేం కొత్త కాదు.

మర్నాడు ఇంకోటి అడిగాను:
ఉప్పుగాలికి ఈ రేకులు ఎన్నాళ్లుంటాయి?
"పోర్టు బొగ్గు పొడి కూడా కలుపుకోండి" అని నవ్వాడు.
"నెలకోసారి పెయింటు బ్రష్షుతో దులపండి.
అట్ట మీద ఆరేళ్లని రాసుంది.
రాసినోడు వైజాగు చూశాడో లేదో."

బిగించడానికి మేడ మీద అద్దెకుండే
ముద్దాడ తవుడు గారు దిగొచ్చారు.
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ల ఫిట్టరు,
కుడి చెవిని ఇంజను గదుల్లోనే వదిలేసి రిటైరైన మనిషి.
స్క్రూడ్రైవరు పిడి ఎడమ చెవికి ఆనించి
మొన పంపు మీద పెట్టి
కళ్లు మూసుకున్నారు.

"గుటకలేస్తంది."

ఇంకాసేపు విన్నారు.
"గాలుంది లోపల. పంపు పైనుంటే
గాలొచ్చి దాని గొంతులో కూకుంటాది.
పంపుని కిందకి దింపు, రేడియేటర్ని పైకెత్తు.
గాలి పెద్దమనిషి, ఎప్పుడూ పైనే కూకోవాల.
కూకోనీ."

పాలు తాగిన పసిదాన్ని భుజాన వేసుకుని
వీపు తట్టినట్టు
ఇద్దరం ఆ పెట్టెను అటూ ఇటూ వంచాం.
బుడబుడ.
బుడ.
తర్వాత ఏమీ లేదు.
తవుడు గారు రెండో చెవి కూడా పోయిందేమోనని
బల్ల మీద వేలితో కొట్టి చూసుకున్నారు.

ఆ రాత్రి పన్నెండు దాటాక మైకు తెరిచాను.
ఫ్యాన్లు తిరుగుతున్న సంగతి
చెయ్యి పెడితేనే తెలుస్తోంది.
చోటు ఖాళీ అయ్యేసరికి
ఇన్నాళ్లూ బయట నిలబడ్డవన్నీ వచ్చేశాయి:
నా గుటక, పేజీకి అంటుకున్న వేలి తడి,
ట్యూబులైటు వెనక బల్లి,
హార్బరులో ఏదో ఓడ తీసిన దీర్ఘం,
కష్టమైన మాట ముందు నేను ఒక్క క్షణం
భయపడి ఆగడం.
అది నాకే తెలీదు ఇన్నాళ్లు.
గుండె ఒక పంపు, అని రాసుంది పుస్తకంలో.
రెండుసార్లు చదివి రెండోది ఉంచాను.

వారం తర్వాత మధురవాడ హాస్టలు నుంచి
దమయంతి ఫోను చేసింది.
"అక్కా, ఎంత బాగా వినబడుతోందో. కానీ..."
"చెప్పు."
"ఇదివరకు ఫ్యాను గట్టిగా ఉంటే
మీకక్కడ మధ్యాహ్నం అనుకునేదాన్ని,
మెల్లగా ఉంటే రాత్రి.
ఆ మే నెల పాఠాల్లో అయితే
పాపం ఉడికిపోతోంది అక్క, అనుకునేదాన్ని.
ఇప్పుడు మీ గదిలో ఎంతయిందో తెలీటం లేదు."

కొలతలన్నీ తీసుకున్నాను గానీ
ఈ లెక్క వేయలేదు.

ఇప్పుడు ప్రతి పాఠం ముందూ చెబుతున్నాను:
రాత్రి పదకొండూ ఇరవై.
ఉక్కగా ఉంది, కిటికీ మూసే ఉంచాను.
గూడ్సు బండి వెళ్లేదాకా ఆగాను.
వెళ్లింది.
నలభై మూడో పేజీ.